మే నెల ఎండలో మైనస్ 40 డిగ్రీలు!
(కారు ఇంజిన్‌లో గాలి ఉష్ణోగ్రత సెన్సర్ లోపాన్ని కనిపెట్టడం ఎలా?)



ఈ హాస్టల్లో ఉండి పదో తరగతి పాసై, ఆ తర్వాత ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ తీసుకున్నవాళ్లం మేము. కొందరం గుంటూరు ఆటోనగర్‌లో, కొందరం చిలకలూరిపేట, నరసరావుపేట, ఒంగోలు షెడ్డుల్లో పని చేసుకుంటున్నాం. సంచికకు ఏదైనా రాయమని కబురు వచ్చినప్పుడు బాగా ఆలోచించాం. కవితలు, కథలు రాసే అన్నలు మన హాస్టల్లో ఎప్పుడూ ఉన్నారు. మాకు తెలిసింది ఇంజిన్ పని. అందులో ఒక చిన్న వస్తువు గురించి, పదో తరగతి పిల్లవాడికి కూడా అర్థమయ్యేలా రాద్దామని నిర్ణయించుకున్నాం.

ఆ వస్తువు పేరు ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్ సెన్సర్. షెడ్డుల్లో పొట్టిగా ఐ.ఎ.టి. సెన్సర్ అంటారు. ఇంజిన్ పీల్చుకునే గాలి ఎంత వేడిగా ఉందో కొలిచి చెప్పడమే దాని పని. చిటికెన వేలంత ఉంటుంది. అయితే దానిలో తేడా వచ్చినప్పుడు సరిగ్గా కనిపెట్టలేక వేలకు వేలు వదిలించుకున్న బండివాళ్లను మేము చూశాం. వాళ్లలో అప్పు చేసి టాక్సీ కొన్న మన హాస్టల్ వాళ్లు కూడా ఉన్నారు. ఈ వ్యాసం రాయడానికి అదే ముఖ్య కారణం.

గాలి వేడితో ఇంజిన్‌కు ఏం పని?

పెట్రోలు సరిగ్గా మండాలంటే ఒక గ్రాము పెట్రోలుకు సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. లెక్క గాలి బరువుతో, పరిమాణంతో కాదు. గాలి వేడెక్కితే వ్యాకోచిస్తుందని మీరు సైన్సులో చదువుకున్నారు. అంటే అంతే చోటులో పట్టే గాలి బరువు తగ్గిపోతుంది.

సముద్ర మట్టం దగ్గర 15 డిగ్రీల సెల్సియస్‌లో ఒక ఘనపు మీటరు గాలి 1.225 కిలోలు తూగుతుంది. అదే గాలి 45 డిగ్రీలకు వేడెక్కితే సుమారు 1.11 కిలోలే. తేడా నూటికి 9 పాళ్లకు పైమాటే. మన ప్రాంతంలో ఈ రెండు ఉష్ణోగ్రతలూ కొత్తవి కావు. జనవరి తెల్లవారుజామున పత్తి చేల మీద మంచు కురుస్తుంది. మే నెలలో మిర్చి కళ్లాల్లో నిలబడలేం. ఎండలకు రాష్ట్రమంతా పేరు చెప్పుకునే రెంటచింతల మన పాత గుంటూరు జిల్లాలోదే. 2022లో జిల్లాలు విడిపోయాక అది పల్నాడు జిల్లాలోకి వెళ్లింది.

కార్బురేటర్ రోజుల్లో ఈ తేడాను మేస్త్రి చెవితో విని, స్క్రూ తిప్పి సర్దేవాడు. పొద్దున చలికి డ్రైవర్ చోక్ లాగేవాడు. ఇంజెక్షన్ బండ్లు వచ్చాక ఆ పని ఇంజిన్ కంప్యూటర్ చేస్తోంది. దానికి కళ్లూ చెవులూ లేవు. సెన్సర్లు చెప్పిందే దానికి లోకం. గాలి చల్లగా ఉందని సెన్సర్ చెబితే గాలి చిక్కగా ఉందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. వేడిగా ఉందని చెబితే తగ్గిస్తుంది. నిప్పు పడే సమయాన్ని కూడా కొంత మారుస్తుంది.

గాలి ఒత్తిడిని కొలిచే మ్యాప్ సెన్సర్ ఉన్న బండ్లలో ఈ ఉష్ణోగ్రత లెక్క చాలా ముఖ్యం. గాలి బరువును నేరుగా కొలిచే మాఫ్ మీటర్ ఉన్న బండ్లలో దీని ప్రభావం కొంచెం తక్కువ.

సెన్సర్ లోపల ఏముంది?

దాని లోపల ఉండేది థెర్మిస్టర్ అనే చిన్న గింజ. మామూలు రాగి తీగ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. ఈ గింజ గుణం దానికి తలకిందులు. వేడి పెరిగితే దీని నిరోధం తగ్గుతుంది.

ఈ తలకిందుల గుణాన్ని మొదట గమనించి రాసినవాడు మైకేల్ ఫారడే. 1833లో వెండి సల్ఫైడ్ అనే పదార్థంలో ఆయన దీన్ని చూశాడు. దాన్ని వ్యాపార వస్తువుగా మలచడానికి తర్వాత దాదాపు వందేళ్లు పట్టింది. ఫారడే ఒక కమ్మరి కొడుకు. 14 ఏళ్లకే పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పనికి చేరాడు. బైండింగ్‌కు వచ్చిన పుస్తకాలనే చదువుకుని అంతవాడయ్యాడు. నిరోధం సూత్రాన్ని 1827లో ప్రకటించిన జార్జ్ ఓమ్ తండ్రి తాళాలు చేసే పనివాడు. తమ్ముళ్లారా, ఈ మాట ఎందుకు చెబుతున్నామంటే, పరీక్షలో మీరు బట్టీ పట్టే ఆ పేర్లు గొప్పింటి పేర్లు కావు. పనిచేసుకునే ఇళ్ల నుంచి వచ్చినవి.

బాష్ రకపు సెన్సర్లలో తరచుగా కనిపించే నిరోధాలు సుమారుగా ఇలా ఉంటాయి:

0 డిగ్రీల దగ్గర – 5.9 కిలో ఓమ్‌లు
20 డిగ్రీల దగ్గర – 2.5 కిలో ఓమ్‌లు
30 డిగ్రీల దగ్గర – 1.7 కిలో ఓమ్‌లు
40 డిగ్రీల దగ్గర – 1.2 కిలో ఓమ్‌లు
80 డిగ్రీల దగ్గర – 0.32 కిలో ఓమ్‌లు

అన్ని కంపెనీల సెన్సర్లూ ఇవే అంకెలు చూపవు. ఆ బండి మాన్యువల్‌లో ఉన్న అంకెలే ప్రమాణం. వేడి పెరిగేకొద్దీ నిరోధం తగ్గాలన్నది మాత్రం వీటన్నిటికీ ఒకటే.

కంప్యూటర్ దాన్ని ఎలా చదువుతుంది?

కంప్యూటర్ తన లోపలి ఒక నిరోధం గుండా 5 వోల్టుల కరెంటును సెన్సర్‌కు పంపుతుంది. రెండో తీగ ఎర్త్‌గా తిరిగి వస్తుంది. అంటే రెండు నిరోధాలు శ్రేణిలో ఉన్నట్టు. మీ పుస్తకంలో ఉన్న సర్క్యూట్టే. సెన్సర్ దగ్గర ఎంత వోల్టేజి మిగిలిందో చూసి కంప్యూటర్ ఉష్ణోగ్రతను లెక్కగడుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. లోపలి నిరోధం 2.2 కిలో ఓమ్‌లు అనుకోండి. 20 డిగ్రీల దగ్గర సెన్సర్ 2.5 కిలో ఓమ్‌లు. అప్పుడు వోల్టేజి 5 × 2.5 ÷ 4.7, అంటే సుమారు 2.66 వోల్టులు. 40 డిగ్రీల దగ్గర 5 × 1.2 ÷ 3.4, అంటే సుమారు 1.76 వోల్టులు. 80 డిగ్రీలకు వచ్చేసరికి 0.63 వోల్టులు.

దీన్నిబట్టి ఒక సూత్రం గుర్తుపెట్టుకోండి: వోల్టు ఎక్కువైతే చల్లదనం, వోల్టు తక్కువైతే వేడి. మొదట్లో ఇది వింతగా అనిపిస్తుంది. అలవాటైతే సగం పరీక్షలు ఈ ఒక్క మాటతోనే అర్థమవుతాయి.

ఇప్పుడు తీగ తెగిందనుకోండి. కరెంటు పారదు, 5 వోల్టులూ అలాగే నిలబడతాయి. కంప్యూటర్‌కు అది భరించలేని చలి. చాలా బండ్లలో అప్పుడు మైనస్ 40 డిగ్రీలు చూపిస్తుంది. రెండు తీగలూ ఒరుసుకుని కలిసిపోయాయనుకోండి. వోల్టేజి సున్నాకు దగ్గరవుతుంది. అప్పుడు 120, 140 డిగ్రీలు అంటుంది. మన ఊళ్లో మైనస్ 40 గాలి, 140 గాలి రెండూ లేవు. కాబట్టి ఈ రెండు అంకెలు కనిపిస్తే గాలిని అనుమానించనక్కర లేదు, సర్క్యూట్‌ను వెతకాలి.

ఏ లక్షణాలు కనిపిస్తాయి?

చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది, లేదా వేడి మీద ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే సతాయిస్తుంది. ఐడ్లింగ్ నిలకడగా ఉండదు. పికప్ తగ్గుతుంది, మైలేజ్ పడిపోతుంది. కొన్ని బండ్లు నల్లపొగ వదులుతాయి.

అయితే ఇవే లక్షణాలు ప్లగ్గులు అరిగినా, ఫిల్టర్ మూసుకుపోయినా, ఆక్సిజన్ సెన్సర్ చెడినా వస్తాయి. పైగా చాలా కంప్యూటర్లు మైనస్ 40ని నమ్మవు. లోపమని గుర్తించి, తమ దగ్గర ముందే రాసిపెట్టుకున్న ఒక ఉష్ణోగ్రతతో బండి నడిపిస్తాయి. అందువల్ల లైటు వెలిగినా డ్రైవర్‌కు పెద్ద తేడా తెలియకపోవచ్చు. లక్షణాలు చూసి సెన్సర్ మార్చవద్దు. కొలిచి మార్చాలి.

కోడ్ ఏం చెబుతుంది?

మన దేశంలో బీఎస్-4 నిబంధనలు 2010లో కొన్ని పెద్ద నగరాల్లో మొదలై, 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అమలయ్యాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. ఈ తరం కార్లలో స్టీరింగ్ కింద 16 పిన్నుల సాకెట్ ఉంటుంది. దానికి స్కానర్ తగిలిస్తే కంప్యూటర్ రాసిపెట్టుకున్న లోపాల కోడ్‌లు చదవవచ్చు. ఖరీదైన స్కానరే అక్కరలేదు, ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్న పరికరం కూడా ఈ పనికి చాలు.

గాలి ఉష్ణోగ్రతకు సంబంధించిన కోడ్‌లు ఇవి:

పి0110 – సర్క్యూట్‌లో లోపం.
పి0111 – అంకె వస్తోంది గాని నమ్మేలా లేదు.
పి0112 – వోల్టేజి మరీ తక్కువ (మరీ వేడి చూపిస్తోంది).
పి0113 – వోల్టేజి మరీ ఎక్కువ (మరీ చలి చూపిస్తోంది).
పి0114 – వస్తూ పోతూ ఉండే లోపం.

తమ్ముళ్లారా, ఈ వ్యాసంలో ఒక్క వాక్యమే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. కోడ్ "సెన్సర్ చెడింది" అని చెప్పదు. "ఆ సర్క్యూట్‌లో తేడా ఉంది" అని చెబుతుంది. సర్క్యూట్ అంటే సెన్సర్, కప్లర్, పిన్నులు, రెండు తీగలు, చివర కంప్యూటర్. ఈ ఐదింటిలో తప్పు ఎక్కడుందో తేల్చడమే మెకానిక్ పని.

మెట్టు మెట్టుగా పరీక్ష

మొదటి మెట్టు: చల్లటి ఇంజిన్ పరీక్ష. బండిని రాత్రంతా నీడలో ఉంచండి. పొద్దున స్టార్ట్ చేయకుండా తాళం మాత్రం ఆన్ చేసి స్కానర్‌లో రెండు అంకెలు చూడండి. ఒకటి గాలి ఉష్ణోగ్రత, రెండోది ఇంజిన్ కూలెంట్ ఉష్ణోగ్రత. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఈ రెండూ బయటి గాలికి దగ్గరగా, ఒకదానికొకటి నాలుగైదు డిగ్రీల తేడాలో ఉండాలి. కూలెంట్ 27, గాలి 28 అంటే మంచిదే. కూలెంట్ 27, గాలి 9 అంటే గాలి వైపు లోపం. దీనికి ఖర్చు లేదు, స్పానర్ కూడా పట్టనక్కర లేదు.

రెండో మెట్టు: కప్లర్ ఊడదీసి చూడటం. సెన్సర్ మామూలుగా ఎయిర్ ఫిల్టర్ డబ్బా మీద గాని, దాని నుంచి ఇంజిన్‌కు వెళ్లే పైపు మీద గాని ఉంటుంది. రెండు పిన్నుల సెన్సర్ అయితే కప్లర్ ఊడదీసి స్కానర్ చూడండి. అంకె మైనస్ 40కి పడిపోవాలి. అంతకు ముందు 140 చూపించి, ఊడదీయగానే మైనస్ 40కి వస్తే సెన్సర్ లోపలే కలిసిపోయింది, అది మార్చాల్సిందే. ఊడదీసినా 140 దగ్గరే ఉంటే తీగలు ఎక్కడో ఒరుసుకుని కలిశాయి. ఊడదీసినా, తగిలించినా ఒకే మామూలు అంకె కదలకుండా ఉంటే అది కంప్యూటర్ తన సొంతంగా పెట్టుకున్న అంకె కావచ్చు. కోడ్ చెరిపేసి మళ్లీ చూడాలి.

మూడో మెట్టు: రెండు పిన్నులను కలపడం. ఇది అసలు పరీక్ష. ఊడదీసిన కప్లర్‌లో, అంటే సెన్సర్ వైపు కాదు, తీగల వైపు, రెండు పిన్నులను చిన్న తీగ ముక్కతో కలపండి. అంకె 120 డిగ్రీలు దాటి పైకి పోవాలి. అలా పోతే తీగలు బాగున్నాయి, కంప్యూటర్ బాగుంది. మిగిలింది సెన్సర్, దాని పిన్నుల పట్టు. కలిపినా మైనస్ 40 దగ్గరే ఉంటే సెన్సర్ తప్పు ఏమీ లేదు. తీగ తెగింది, లేదా కంప్యూటర్ దగ్గర లోపం.

నాలుగో మెట్టు: మీటరుతో వోల్టేజి. తాళం ఆన్ చేసి కప్లర్ రెండు పిన్నుల మధ్య కొలవండి. 5 వోల్టులకు దగ్గరగా ఉండాలి. లేకపోతే ఒక్కో పిన్నును బ్యాటరీ నెగెటివ్‌తో కొలవండి. ఒక పిన్ను దగ్గర 5 వోల్టులు ఉన్నాయంటే సిగ్నల్ తీగ బాగుంది, ఎర్త్ తీగ తెగింది. ఏ పిన్ను దగ్గరా 5 వోల్టులు లేకపోతే సిగ్నల్ తీగ తెగింది, లేదా ఎక్కడో ఎర్త్‌కు తగిలింది, లేదా కంప్యూటర్ పంపడం లేదు. అప్పుడు బ్యాటరీ ఊడదీసి, కంప్యూటర్ కప్లర్ తీసి, తీగ ఆ చివర నుంచి ఈ చివర వరకు ఉందో లేదో చూడాలి. తీగ బాగుందని తేలిన తర్వాతే కంప్యూటర్‌ను అనుమానించాలి.

ఐదో మెట్టు: సెన్సర్ నిరోధం. సెన్సర్ విప్పి, గది ఉష్ణోగ్రత దగ్గర మీటరుతో కొలిచి మాన్యువల్ అంకెతో పోల్చండి. తర్వాత జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడిగాలి తగిలించండి. మీటరు అంకె మెత్తగా, ఆగకుండా తగ్గుతూ రావాలి. మధ్యలో ఎగిరిపడినా, మాయమైనా సెన్సర్ పోయినట్టే.

ఆరో మెట్టు: ఊపి చూడటం. వస్తూ పోతూ ఉండే లోపానికి ఇది మందు. ఇంజిన్ ఐడ్లింగ్‌లో ఉంచి, స్కానర్ అంకె చూస్తూ తీగల కట్టను చేతితో మెల్లగా కదపండి. ఎక్కడ కదిపితే అంకె ఎగిరిందో అక్కడే ఉంది జబ్బు.

ఒక టాక్సీ సంగతి

మనకంటే ముందు బ్యాచ్‌లో చదివిన ఒక అన్న గుంటూరు, ఒంగోలు మధ్య టాక్సీ నడుపుతాడు. బండి మీద నెలనెలా కిస్తీ ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగిందని ఒక షెడ్డుకు తీసుకెళ్తే, పి0113 కోడ్ చూసి సెన్సర్ మార్చారు. రెండు రోజులకు లైటు మళ్లీ వచ్చింది. ఇంకో చోట చూపిస్తే కంప్యూటర్ పోయింది, మార్చాలి అన్నారు. వాళ్లు చెప్పిన ధర ఆయనకు కొన్ని నెలల కిస్తీతో సమానం. వడ్డీకి తేవడమా, బండి అమ్మేయడమా అనే ఆలోచనలో పడి, చివరికి మా షెడ్డుకు వచ్చాడు.

స్కానర్‌లో మైనస్ 40 ఉంది. కప్లర్ ఊడదీశాం, అదే అంకె. రెండు పిన్నులు కలిపాం, అప్పుడూ అదే అంకె. అంటే కొత్త సెన్సర్‌కూ, పాత సెన్సర్‌కూ ఈ లోపంతో సంబంధం లేదు. మీటరు పెడితే రెండు పిన్నుల్లో ఏ ఒక్కదాని దగ్గరా 5 వోల్టులు లేవు. బ్యాటరీ తీసి తీగ వెంట వెళ్లాం. ఫిల్టర్ డబ్బా వెనక, టేపు కింద, ఎలుక కొరికిన చోట సిగ్నల్ తీగ తెగి ఉంది. కొత్త తీగ ముక్క వేసి, సోల్డరింగ్ చేసి, స్లీవ్ తొడిగాం. తాళం ఆన్ చేస్తే 34 డిగ్రీలు. డాష్‌బోర్డులో దాచుకున్న పాత సెన్సర్‌ను కూడా కొలిచాం. అది భేషుగ్గా ఉంది.

అయిన ఖర్చు కూలీ డబ్బులే. ఆ నెల కిస్తీ ఆయన గడువులోపే కట్టాడు. ఒక్క తీగ ముక్కతో చేసే మూడో మెట్టు పరీక్ష మొదటి రోజే చేసి ఉంటే ఆ సెన్సర్ డబ్బులు కూడా మిగిలేవి.

కోడ్ రాని లోపం

ఇది ఇంకా గడుసైనది. కప్లర్‌లో నీళ్లు దిగి పిన్నులు పచ్చగా తుప్పు పట్టాయనుకోండి. తుప్పు కూడా ఒక నిరోధమే. బయట 40 డిగ్రీలు, సెన్సర్ 1.2 కిలో ఓమ్‌లు. తుప్పు ఇంకో 1.5 కిలో ఓమ్‌లు కలిపింది. మొత్తం 2.7. కంప్యూటర్‌కు అది సుమారు 18 డిగ్రీలు. 18 డిగ్రీలు అసాధ్యమైన అంకె కాదు కాబట్టి చాలాసార్లు కోడ్ రాదు, లైటు వెలగదు.

కెల్విన్‌లో లెక్క వేస్తే 313ను 291తో భాగించాలి. నూటికి ఏడు పాళ్లకు పైగా గాలి ఎక్కువ ఉందని కంప్యూటర్ పొరబడుతుంది. ఇంజిన్ నిలకడగా నడిచేటప్పుడు ఆక్సిజన్ సెన్సర్ ఈ తప్పును చాలావరకు దిద్దుతుంది. స్టార్టింగ్‌లో, ఫుల్ రేస్‌లో దిద్దేవాళ్లు లేరు. అందుకే వేడి మీద స్టార్టింగ్ ఇబ్బంది, బరువు లాగేటప్పుడు పొగ. ఇలాంటి బండిని పట్టించేది మొదటి మెట్టులోని చల్లటి ఇంజిన్ పరీక్షే.

మన పొలాల దారుల్లో ప్రత్యేక కారణాలు

పత్తి, మిర్చి పండే మన నల్లరేగడి ప్రాంతంలో మేము తరచుగా చూసేవి ఇవి.

ఎలుకలు: ఇంట్లోనో, చావిట్లోనో పత్తి నిల్వ ఉంచి పక్కనే కారు పెడతారు. ఫిల్టర్ డబ్బా పక్కన దూదితో కట్టిన ఎలుక గూళ్లు మేము చాలాసార్లు తీశాం. తీగలు కొరికేది అక్కడే.

దుమ్ము: మిర్చి తరలించే కాలంలో కళ్లం దుమ్ము, పత్తి నూగు ఫిల్టర్‌ను పట్టేస్తాయి. ఫిల్టర్ మూసుకుంటే ఉష్ణోగ్రత అంకె పెద్దగా మారదు గాని, పికప్ తగ్గి సెన్సర్ లోపమే అనిపిస్తుంది. ముందు ఫిల్టర్ చూడండి. ఫిల్టర్ మార్చినప్పుడు మూత క్లిప్పులు సరిగ్గా పడకపోతే ఇంజిన్ వేడిగాలి లోపలికి వస్తుంది. అప్పుడు సెన్సర్ నిజమే చెబుతున్నా, అంకె ఎక్కువగా కనిపిస్తుంది.

ఎండ: మే నెల మధ్యాహ్నం బండి ఆపి పావుగంట తర్వాత చూస్తే సెన్సర్ 60, 65 డిగ్రీలు చూపవచ్చు. అది లోపం కాదు, బానెట్ కింద వేడి. హైవే మీద కొంతదూరం పోనిచ్చి చూడండి. అంకె దిగుతూ బయటి గాలికి దగ్గరగా రావాలి. దిగకపోతేనే అనుమానించాలి.

తప్పనిసరి జాగ్రత్తలు

పిన్నులు కలిపే పరీక్ష రెండు పిన్నుల సెన్సర్‌కు మాత్రమే. నాలుగు పిన్నులుంటే అది మ్యాప్ సెన్సర్‌తో కలిసింది, ఐదు ఉంటే మాఫ్ మీటర్‌తో కలిసింది కావచ్చు. వాటిలో వేరే కరెంటు తీగలు ఉంటాయి. వైరింగ్ బొమ్మ లేకుండా వాటిని కలిపితే కంప్యూటర్ నిజంగానే పోతుంది.

ఈ తీగలకు బ్యాటరీ పాజిటివ్ ఎప్పుడూ తగిలించవద్దు. బల్బు టెస్టర్ వాడవద్దు, మీటరే వాడండి. ఎయిర్‌బ్యాగ్ పసుపు తీగల జోలికి పోవద్దు. రేడియేటర్ ఫ్యాన్ చెప్పకుండా తిరుగుతుంది, చేతులు జాగ్రత్త. సెన్సర్ మీద దుమ్ము ఉంటే దాని కోసం అమ్మే క్లీనర్ స్ప్రే కొట్టి ఆరనివ్వండి, గుడ్డపెట్టి రుద్దవద్దు. పని అయ్యాక కోడ్ చెరిపి, బండి నడిపి, మళ్లీ స్కానర్ చూసిన తర్వాతే యజమానికి తాళం ఇవ్వండి.

తమ్ముళ్లకు మా మాట

పదో తరగతి తర్వాత ఏం చేయాలన్న ఆలోచన మన హాస్టల్లో ప్రతి ఏడాదీ ఉంటుంది. ఇంటర్, పాలిటెక్నిక్, డిగ్రీ అన్నీ మంచివే. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్లు, డీజిల్ మెకానిక్ ఒక ఏడాది. ఈ దారిలో వచ్చేవాళ్లు కూడా ఓమ్ సూత్రాన్ని, శ్రేణి సంధానాన్ని మార్కుల కోసం చదివి వదిలేయవద్దు. షెడ్డులో కొలిచి చెప్పేవాడికి, ఊహించి మార్చేవాడికి తేడా ఆ రెండు పాఠాలే. స్పానర్ పట్టడం ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చు. మీటరులో కనిపించిన అంకెకు అర్థం చెప్పగలగడం చదువు వల్లే వస్తుంది.

ఎలక్ట్రిక్ బండ్లు వస్తే ఈ విద్య వృథా అవుతుందేమోనని కొందరు అడుగుతున్నారు. కాదు. బ్యాటరీ వేడెక్కిందో లేదో కనిపెట్టడానికి వాటిలో వాడేదీ ఎక్కువగా ఈ రకం థెర్మిస్టరే. ఫ్రిజ్‌లో, ఏసీలో, మీ చేతిలోని ఫోన్ బ్యాటరీలో కూడా అదే సూత్రం.

చివరగా ఒక సంగతి. మన దగ్గరకు బండి తెచ్చేవాడు ఎక్కువగా రైతో, కిస్తీ కట్టే డ్రైవరో. మిర్చి అమ్మాక ఇస్తానని చెప్పే మనిషి అతను. అతని జేబులోంచి అనవసరంగా ఒక్క రూపాయి పోయినా ఆ బరువు ఒక ఇంటి మీద పడుతుంది. అటువంటి ఇళ్ల నుంచే మనమంతా ఈ హాస్టల్‌కు వచ్చాం. కొలవకుండా ఏ వస్తువూ మార్చకండి. మార్చిన పాత వస్తువును యజమాని చేతికే ఇవ్వండి.

సెలవుల్లో గుంటూరు వైపు వచ్చే తమ్ముళ్లు మా షెడ్డులకు రండి. మీటరు పట్టుకోవడం నేర్పుతాం. టీ కూడా ఇప్పిస్తాం.

– మోటార్ మెకానిక్ పనిలో ఉన్న పూర్వ విద్యార్థులు